మురుగుకాలవ మీద బెంచీ

మా పాస్టరమ్మగారు పోయారన్న కబురు పోయిన మంగళవారం, నేను పప్పులో పోపు వేస్తుండగా వచ్చింది. గుడి ఊడ్చే మనిషి గుమ్మంలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "టీచరమ్మా, అమ్మగారు ఎల్లిపోనారు. నిద్దట్లోనే" అంది. పోపు మాడింది. మాడనిచ్చాను.

మా సంఘంలో ఎవరైనా పోతే 'నిద్రించారు' అంటాం. కార్డు మీద కూడా అలాగే అచ్చు వేయిస్తాం. ఆవిడ మెలకువగా ఉన్నప్పుడు ఎలా ఉండేవారో చూసినవాళ్ళెవరికీ ఆ మాట నప్పదు. ఇన్నేళ్ళలో ఆవిడ నిద్రపోవడం నేను ఒక్కసారే చూశాను. అదీ వాళ్ళాయన ప్రసంగం చేస్తుండగా.

సమాధి దగ్గర అందరితోపాటు నేనూ ఏడ్చాను. కానీ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక, చెప్పకూడదు గాని, ఏడుపు స్థానంలో ఉత్సాహం పొంగుకొచ్చింది. ఆవిడని తలుచుకుంటే ముందు ఆ వానాకాలమే గుర్తొస్తుంది. ఆ వానాకాలం గుర్తొస్తే, పిల్లకి పరీక్షలో మొదటి మార్కు వచ్చినప్పటిలా, ఎవరినైనా పట్టుకుని చెప్పేయాలనిపిస్తుంది. ఇవాళ మీరు దొరికారు.

మేముండేది కలకత్తాలో, గార్డెన్ రీచ్ దాటి బడ్జ్ బడ్జ్ వైపు వెళ్ళే దారిలో ఒక సందు. మా మామగారి తరం విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికీ ఓడల పనికీ వచ్చి ఇక్కడే పాతుకుపోయింది. సందుని రెండుగా కోస్తూ ఒక మురుగుకాలవ. కాలవకి ఇటు పక్క ఒక మునిసిపల్ ఆఫీసు హద్దు, అటు పక్క ఇంకో ఆఫీసు హద్దు. వాటి పేర్లు నేను రాయను, ఈ వయసులో నాకు ఉత్తరాలు రావడం ఇష్టం లేదు. మాది పెద్దాఫీసు, గుడి ఉన్న అటుపక్కది చిన్నాఫీసు అనుకోండి.

ఆ హద్దు ఎంత పవిత్రమైనదో చెబుతాను. ఏటా వానల్లో పెద్దాఫీసు పొగమనిషి భుజాన మిషను తగిలించుకుని, దడదడలాడిస్తూ, దోమల మీద దండయాత్రకి వచ్చేవాడు. కాలవ దగ్గరకి రాగానే మిషను ఆపి, పద్ధతిగా వెనక్కి తిరిగేవాడు.

"అటు పక్క దోమల్లేవా దాదా?" అని అడిగానొకసారి.

"ఉన్నాయి మాషీమా. కానీ అవి మావి కావు" అన్నాడు.

ఈ హద్దుని లెక్కచెయ్యని మనిషి మా సందులో ఒక్క పాస్టరమ్మగారే. బొబ్బిలి దగ్గర పుట్టి, పెళ్ళయి ఇక్కడికొచ్చిన మనిషి. పొట్టిగా, గట్టిగా, మూత బిగించిన ఊరగాయ జాడీలా ఉండేవారు. ప్రతి బుధవారం సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన కూటం, వంతుల ప్రకారం ఒక వారం ఇటు పక్క ఇంట్లో, ఒక వారం అటు పక్క ఇంట్లో. కూటానికి ముందు ఆవిడ తలుపు తలుపూ కొట్టి ప్రార్థన విన్నపాలు రాసుకునేవారు. నీలం అట్ట నోటుబుక్కు, తాడుతో కట్టిన పెన్సిలు. ఏ ఇంటికెళ్ళినా అవే మూడు ప్రశ్నలు: "ఎవరికి? ఏటి? ఎప్పటినుండి?"

నేను ముప్ఫయ్యేళ్ళు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. వెనక బెంచీలో కూర్చుని వెక్కిరించడం పిల్లల దగ్గరే నేర్చుకున్నాను.

"దేవుడికి అన్నీ తెలుసంటారు కదండీ. మళ్ళీ తారీఖులు వేసి ఈ హాజరుపట్టీ ఎందుకు?" అన్నాను.

"దేవుడికి తెలుసండీ టీచరుగారూ. నాకు తెలీదు. వచ్చే వారం ఎల్లి తగ్గినాదా అని అడగాలా వద్దా?"

తగ్గితే పేరు పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు. తగ్గకపోతే మళ్ళీ వెళ్ళేవారు, మళ్ళీ మళ్ళీ వెళ్ళేవారు. "ప్రార్థన చేసీసి మరి అడక్కపోతే అది ప్రార్థన కాదండీ, డబ్బాలో పడీసిన ఉత్తరం" అనేవారు.

ఆవిడకి ఒక గర్వం ఉండేది. పాస్టరుగారి భార్యకి గర్వం ఉండకూడదంటారు గాని, ఒకటి ఉండేది: గుడి గేటు పక్కన కుళాయి. చిన్నాఫీసు చుట్టూ రెండేళ్ళు తిరిగి ఆవిడే వేయించారు. ఆ నీళ్ళంత తియ్యటి నీళ్ళు బెంగాల్లో లేవని ఆవిడ విశ్వాసం. అందుకని కూటం ఎవరింట్లో జరిగినా నిమ్మకాయ షర్బత్ మాత్రం గుడి దగ్గరే, ఆ నీళ్ళతోనే కలపాలి. పెద్ద స్టీలు క్యాను నింపి ఇద్దరు ఆడవాళ్ళు చెరో పక్కా పట్టుకుని మోసుకొచ్చేవారు. "మా ఇంట్లో నీళ్ళు లేవేటి అమ్మగారూ?" అని ఇంటావిడ చిన్నబుచ్చుకున్నా సరే. గ్లాసు వద్దంటే సువార్తని వద్దన్నట్టు చూసేవారు.

ఏడేళ్ళ కిందటి మాట. వానలు దిగి కాలవ పొంగింది. సందులో ఒకరి తరవాత ఒకరికి వాంతులు, విరేచనాలు. వానాకాలం కదా అనుకున్నాం. తరవాత ఒక గురువారం మా మనవరాలికి మొదలయింది. తొమ్మిదేళ్ళది. శుక్రవారానికి కళ్ళు లోపలికి పోయి, పెదాలు అట్టకట్టి, ఆస్పత్రిలో చేతికి సెలైను గుచ్చించుకుని పడుకుంది. ఎప్పుడూ నాకు ఎదురు చెప్పే పిల్ల. ఆవేళ ఏం చెప్పినా "ఊఁ" అంటోంది. నాకు అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

ఆఫీసులవాళ్ళు రాలేదని అబద్ధమాడను. ఇటు పెద్దాఫీసువాళ్ళు వచ్చి, బ్లీచింగ్ పొడి చల్లి, "మీ వైపు నాలుగే కేసులు, కంగారు లేదు" అన్నారు. అటు చిన్నాఫీసువాళ్ళు వచ్చి, వాళ్ళ పొడి వాళ్ళు చల్లి, "మా వైపు అయిదే" అన్నారు. నాలుగూ అయిదూ కూడే అధికారం మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు.

శనివారం మధ్యాహ్నం పాస్టరమ్మగారు ఆస్పత్రికి వచ్చారు. మంచం పక్కన స్టూలు లాక్కుని, పిల్ల నుదురు మీద చెయ్యి వేసి, నోటుబుక్కు తెరిచారు.

"ఎవరికి? ఏటి? ఎప్పటినుండి?"

"కళ్ళెదురుగా కనిపిస్తోంది కదండీ!"

"అయినా చెప్పండి. పద్ధతి."

చెప్పాను. రాసుకుని, కళ్ళు మూసుకున్నారు. ఆవిడ ప్రార్థన చాలా పొడుగు. నేను కళ్ళు మూసుకోలేక ఆవిడ ఒళ్ళో ఉన్న నోటుబుక్కు తీసి తిరగేశాను. పరీక్ష పేపర్లు దిద్దిన కళ్ళు ఊరికే ఉండవు. ఒక పేజీ చూశాను, ముందు పేజీ చూశాను, దాని ముందుది చూశాను.

"ఆమెన్ అనండి తొందరగా" అన్నాను.

"ఏటండీ ఆ మాట?"

"మీ సంఘంలో విరేచనాలన్నీ గురువారమో శుక్రవారమో ఎందుకు మొదలవుతున్నాయండీ? మిగతా రోజుల్లో జనానికి కడుపుల్లేవా?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నారు. నేను మందుల కవరు చింపి, వెనక తెల్ల వైపు ఒక అడ్డగీత గీశాను. అది కాలవ. ఆవిడ పుస్తకం చూసి ఇల్లు చెప్పడం, నేను ఇంటూ మార్కు పెట్టడం. ఇటు ఒకటి, అటు ఒకటి. ఒక పక్కే చూస్తే అక్కడొకటి ఇక్కడొకటి, పొంతన లేదు. రెండు పక్కలా కలిపి చూస్తే దారి కనిపిస్తోంది! వారం వారం ఎవరింట్లో కూటమో, ఎవరెవరు వచ్చారో, ఆ దారే. చరిత్ర చెప్పానే గాని, చరిత్ర నా చేతుల్లో తేలడం అదే మొదటిసారి. "ఆ ముందు వారం ఎవరింట్లో? చెప్పండి, చెప్పండి!" అని నేను అరుస్తున్నాను. నర్సు వచ్చి కసిరింది.

పాస్టరమ్మగారు మాత్రం చెప్పడం ఆపేశారు.

"షర్బత్" అన్నారు. పుస్తకం మూసి, "నా కుళాయేనండీ టీచరుగారూ" అన్నారు.

అంతకుముందు బుధవారం కూటం మా ఇంట్లోనే. పిల్ల చాలంటే, "అమ్మగారు బాధపడతారు, తాగు" అని రెండో గ్లాసు తాగించింది నేను. ఆ సంగతి ఆవిడకి చెప్పాను. ఇద్దరం మంచానికి చెరో పక్కా కూర్చున్నాం. పిల్ల నిద్రపోతోంది.

"పోనీలెండి. షర్బత్ మానెయ్యండి, ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నాను. జాలితోనే అన్నాను.

ఆవిడ నావైపు, తప్పు చేసిన పిల్లని నేను చూసే చూపు చూశారు. "అదే పైపు గుడి దాటీసి వెనక బస్తీకి ఎల్తుందండీ. అక్కడ నిన్న రెండిళ్ళల్లో మొదలయినాదట. వాళ్ళు మన కూటానికి రారు. వాళ్ళ పేర్లు నా పుస్తకంలో ఉండవు. ఎవరు అడుగుతారు వాళ్ళని?"

మర్నాడు ఆదివారం. ఆశీర్వాదానికి ముందు ఆవిడ లేచి నిలబడ్డారు. ఆడవాళ్ళు సాక్ష్యం చెబుతారు, మామూలే. ఇలాంటి సాక్ష్యం మాత్రం అంతకుముందు ఎవరూ వినలేదు. "మీ పిల్లలకి జబ్బు తెచ్చింది నేను పోసిన నీళ్ళు. తెలియక పోసేను. ఇప్పుడు తెలిసింది. ఎవరూ తాగకండి. వెనక బస్తీకి ఎల్లి ఇదే మాట చెప్పండి" అన్నారు. ఆవిడ బయటికెళ్ళి, పాత పసుప్పచ్చ చీర చింపి, ఆ పేలికతో కుళాయి నోరు కట్టేశారు. రెండేళ్ళు తిరిగి తెచ్చుకున్న కుళాయి.

అయితే కుళాయికి పేలిక కట్టినంత మాత్రాన పైపుకి జబ్బు తగ్గదు కదా. పైపు చిన్నాఫీసుది, నీళ్ళు ఆపాల్సింది వాళ్ళు. పైపు మీద పారే కాలవ పెద్దాఫీసుది, పలకలు లేపాల్సింది వాళ్ళు. ఒకరు వచ్చి ఒకరు రాకపోతే బూడిదలో పోసిన పన్నీరు. సోమవారం పొద్దున్న ఇద్దరం రెండాఫీసులకీ వెళ్ళాం. "వాళ్ళకి ఉత్తరం రాయమనండి, చూస్తాం" అని ఇక్కడ. "వాళ్ళ దగ్గర్నించి ఉత్తరం రానివ్వండి, చూస్తాం" అని అక్కడ. ఆ ఉత్తరాలు నడిచి వచ్చేసరికి బస్తీలో ఎంతమంది పడుకుంటారో! నేను ఆటోలో కూర్చుని తిట్టడం మొదలెట్టాను. ఆవిడ ఆటో వెనక్కి తిప్పించి, మళ్ళీ రెండాఫీసులకీ ఒక్కరే లోపలికి వెళ్ళొచ్చారు.

"రేపు పదకొండింటికి ఇద్దరూ వస్తారు" అన్నారు.

"ఎలా ఒప్పుకున్నారండీ?"

"అడిగేను."

మంగళవారం పదకొండింటికి గుడిలోంచి ఒక పొడుగాటి బెంచీ బయటికి తెప్పించి, కాలవ మీద అడ్డంగా వేయించారు. రెండు కాళ్ళు పెద్దాఫీసులో, రెండు కాళ్ళు చిన్నాఫీసులో. ఇటునుంచి పెద్దాఫీసు ఆరోగ్యాధికారి వచ్చింది. చిన్న వయసు డాక్టరమ్మ, బూట్ల నిండా బురద. అటునుంచి చిన్నాఫీసు నీళ్ళ ఇంజినీరు గొడుగేసుకుని వచ్చాడు. రెండాఫీసులకీ మధ్య బస్సులో పావుగంట. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడడం అదే మొదటిసారి! మాటలు బెంగాలీలో జరిగాయి, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"మీ కాలవలో నానబట్టే మా పైపు పాడయింది" అన్నాడు ఇంజినీరు, ఇంకా కూర్చోకుండానే.

"మా కాలవ కింద మీ పైపు ఎవరినడిగి వేశారు?" అంది డాక్టరమ్మ.

"ముందు టీ. తరవాత తగువు" అన్నారు పాస్టరమ్మగారు, బొబ్బిలి యాస బెంగాలీలో, ఇద్దరి చేతుల్లోనూ కప్పులు పెడుతూ. మరిగించిన నీళ్ళ టీ, అది కూడా చెప్పి మరీ ఇచ్చారు.

నోటుబుక్కు తెలుగులో ఉంది. వాళ్ళకి అక్షరం ముక్క రాదు. నేను పైకి చదివి బెంగాలీలో చెబుతున్నాను: ఎవరికి, ఏమిటి, ఎప్పటినుంచి. ఇటు పక్క పేరు వస్తే డాక్టరమ్మ రాసుకుంటుంది, అటు పక్క పేరు వస్తే ఇంజినీరు. ఒకరు రాస్తుంటే ఇంకొకరు టీ తాగుతున్నారు. సగంలో డాక్టరమ్మ కలం ఆగిపోయింది. రాసిన కాగితం చింపేసింది.

"మాషీమా, మళ్ళీ మొదటినుంచి చదవండి. అందరివీ రాస్తాను."

ఆ కాగితం చిరిగిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. నేను మందుల కవరు బెంచీ మీద పరిచాను. ఇంజినీరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, జేబులోంచి కలం తీసి, నా ఇంటూ మార్కుల మధ్యనుంచి మెల్లగా ఒక గీత లాగాడు. అది పైపు. కాలవ గీతని దాటే చోట చుక్క పెట్టాడు.

"జాయింటు ఇక్కడుంది. నేనే దగ్గరుండి వేయించాను" అన్నాడు. కప్పు పక్కకి జరిపాడు. పక్కన పాస్టరమ్మగారు నిలబడి ఉన్నారు. "నా కుళాయి కూడా నేనే వేయించేను బాబూ. తాగండి, చల్లారిపోతంది" అన్నారు.

ఇంక చూడాలి! ఇద్దరూ ఫోన్లు తీశారు. "వాల్వు ఎన్నింటికి మూయిస్తారు?" "మీవాళ్ళు పలకలు ఎన్నింటికి లేపుతారు?" "రెండింటికి." "అయితే రెండింటికే." పెద్దాఫీసు నీళ్ళ ట్యాంకరు వచ్చింది. వెనక బస్తీ అటుపక్కది కాబట్టి డ్రైవరు సందు మొదట్లోనే ఆపేశాడు, "అది మాది కాదు" అని. డాక్టరమ్మ బురద బూట్లతో ఎక్కి అతని పక్కన కూర్చుని, "ఇవాళ మనదే. పోనివ్వు" అంది. రెండింటికి ఇటువాళ్ళు ఇసుక మూటలతో కాలవ నీళ్ళు ఆపారు, అటువాళ్ళు దిగి తవ్వారు. సందు సందంతా రెండు గట్ల మీదా. నేను కుర్చీ తెప్పించుకుని ముందు వరసలో కూర్చున్నాను, ఓడను నీళ్ళలోకి దింపడం చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా అంత బాగా కూర్చోలేదు. నాలుగింటికి జాయింటు బయటపడింది. వేలు పట్టేంత పగులు, దాంట్లోకి మురుగు సరాసరి పోతోంది. ఎవరో బెంగాలీ ఆవిడ, శుభకార్యంలో పెట్టినట్టు, ఉలూ అని కూత పెట్టింది. మావాళ్ళు హల్లెలూయ అన్నారు. మురుగు పైపుకి అంత మర్యాద ఎక్కడా జరిగి ఉండదు.

ఆ సందట్లోనే డాక్టరమ్మ ఇంజినీరుతో అంది: "మీరు ముందే వస్తానన్నారట, అందుకే నేనొచ్చాను."

"నేనా? మీరు ఒప్పుకున్నారన్నారనే నేనొచ్చాను!"

ఇద్దరూ మెల్లగా పాస్టరమ్మగారి వైపు తిరిగారు. ఆవిడ కప్పులు లెక్కపెట్టుకుంటున్నారు.

ఇంటికెళ్ళేటప్పుడు నేను వదల్లేదు. "పాస్టరుగారి భార్య అయి ఉండి, రెండాఫీసుల్లో రెండు అబద్ధాలా?"

"అబద్ధం కాదండీ, విశ్వాసం. జరగబోయేది జరిగినాది అని ముందే చెప్పడం. మీరు వెనక బెంచీలో కూర్చుంటారు, మీకు వినపడలేదు."

వారం తిరిగేసరికి బస్తీలో కొత్తగా ఎవరూ పడలేదు. మా పిల్ల ఇంటికొచ్చి, మొదటి రోజే నాకు ఎదురు చెప్పింది. పాస్టరమ్మగారు వచ్చి, నోటుబుక్కు తెరిచి, ఎర్ర పెన్సిలు పిల్ల చేతికే ఇచ్చారు. అంత పెద్ద టిక్కు, పక్క ఇద్దరి పేర్ల మీదకి కూడా పోయింది. "పోనివ్వండి, వాళ్ళకీ తగ్గినాది" అన్నారు. కుళాయి పేలిక మాత్రం ఇంజినీరు తన చేత్తోనే విప్పాడు.

ఆ తరవాత లోకమంతా తలుపులు వేసుకున్న జబ్బు వచ్చినప్పుడు, మిగతా చోట్ల ఎవరిని అడగాలో తెలియక జనం కొట్టుకుంటుంటే, మా సందుకి హద్దు అడ్డం రాలేదు. ఆ ఇద్దరి దగ్గరా ఒకరి నెంబరు ఒకరికి ఉంది. అంబులెన్సు ఏ పక్కది ఖాళీగా ఉంటే అది వచ్చింది. టీకాలు గుడిలోనే, రెండు పక్కలవాళ్ళకీ, ఒకే వరసలో. "తెలిసిన మొహం ఒకటుంటే సగం ఆఫీసు దాటీసినట్టే" అనేవారు ఆవిడ, మూతికి గుడ్డ కట్టుకుని వరస సరిచేస్తూ. తలుపులు కొట్టడం ఆపలేదు. వీధిలో నిలబడి కర్రతో కొట్టేవారు, అంతే తేడా.

మొన్న సమాధి దగ్గరకి ఆ ఇద్దరూ వచ్చారు. డాక్టరమ్మకి ఎప్పుడో బదిలీ అయింది, ఇంజినీరు రిటైరయ్యాడు. ఎవరు కబురు చేశారని అడిగితే, ఒకరికొకరు చేసుకున్నారట. పాస్టరుగారు నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "నాకు ప్రసంగాలే వచ్చండీ టీచరుగారూ. అడగడం ఆవిడకే వచ్చు. ఇది మీ దగ్గరుండాలి" అన్నారు. ముప్ఫయ్యేళ్ళు వెక్కిరించినందుకు ఇంతకంటే శిక్ష లేదు.

నిన్న బుధవారం. మా మనవరాలిని తోడు తీసుకుని బయల్దేరాను. దానికి తెలుగు చదవడం అంతంతమాత్రం, అందుకని అడగడం దాని వంతు, రాయడం నా వంతు. బెంచీ ఇప్పటికీ కాలవ మీదే ఉంది, మధ్యలో కాస్త వంగింది. మేం దాని దగ్గరకి వచ్చేసరికి వెనక దడదడమని మిషను చప్పుడు. కొత్త పొగమనిషి, పెద్దాఫీసువాడే. నేను అలవాటుగా ఆగి, అతను వెనక్కి తిరుగుతాడని చూశాను. అతను ఆగలేదు. "ఏక్‌టు షొరున్ మాషీమా" అని నన్ను పక్కకి జరగమని, బెంచీ పక్కగా కాలవ దాటి, అటు పక్క గుమ్మాల్లోకి, గుడి గేట్లోకి, కుళాయి మీదకి పొగ వదులుకుంటూ పోయాడు. కాసేపటికి ఇటు గట్టూ లేదు, అటు గట్టూ లేదు. అంతా ఒకటే తెలుపు. దాంట్లోంచి మా మనవరాలు ఎవరిదో తలుపు కొడుతూ, "ఎవరికి? ఏటి? ఎప్పటినుండి?" అంటోంది.

నాకు దగ్గు తెర వచ్చింది. బెంచీ మీద కూర్చుని, నీలం అట్ట తెరిచి, కొత్త పేజీలో మొదటి విన్నపం రాశాను: టీచరు. దగ్గు. ఈ రోజు నుంచే.